ప్రెయిరీలో చలికాలం దగ్గు

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఎవరి జబ్బు గురించి విన్నా చివరికి ఏమైందో తెలిసేదాకా మా అమ్మ కుదురుగా కూర్చోలేదు. చదివేవాళ్లలోనూ అలాంటివాళ్లు ఉంటారు. పోయిన ఊపిరి మొత్తం వెనక్కి రాలేదు. వచ్చినంతలో నా పనులు నేను చేసుకుంటున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. కానీ ఆ చలికాలమంతా నాకేమవుతోందో తెలియక నేను పడ్డ భయం ఇంకొకరు పడకూడదనిపించింది. రాస్తే నా మనసు కూడా కాస్త సర్దుకుంటుందనిపించింది.

నా పేరు కనకదుర్గ. పుట్టింది తెనాలిలో. మా నాన్నగారు పోస్టాఫీసులో పని చేసేవారు, మాకు సెంటు భూమి లేదు. వ్యవసాయం అంటే నాకు రైలు కిటికీలోంచి కనిపించే పచ్చదనమే. హైదరాబాద్‌లో నాతోపాటు ఉద్యోగం చేసిన హరినాథ్‌ని పెళ్లి చేసుకుని, అతని వెనకే టెక్సస్ వచ్చాను. హరిది ఖమ్మం. డాలస్ పక్కన కాపెల్‌లో, హరి వాళ్లక్క ఇంటికి దగ్గర్లోనే చాలా ఏళ్లున్నాం. ఇద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మా అమ్మాయి నిత్య అక్కడే పుట్టింది.

గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదే మా టీమ్ మొత్తాన్ని లేఆఫ్ చేశారు. ఇంకో ఉద్యోగం వెతుక్కోవాల్సిన రోజుల్లో నేను పెరట్లో గోంగూర, ఆనపకాయలు పెంచుతూ కూర్చున్నాను. ఆ వేసవిలో ఒక పెళ్లికి కాన్సస్ మీదుగా కార్లో వెళ్తుంటే ఒకచోట రోడ్డుకి రెండు పక్కలా గడ్డి తప్ప ఇంకేమీ లేని కొండలు వచ్చాయి. చెట్టు లేదు, ఇల్లు లేదు. గాలికి ఆ గడ్డంతా ఒక్కసారిగా వంగి లేస్తోంది. దాన్ని ప్రెయిరీ అంటారని పుస్తకాల్లో చదివాను కానీ, నేల అంత ఖాళీగా ఉంటుందని, ఆ ఖాళీ నాకంత నచ్చుతుందని అనుకోలేదు. హరి కారాపాడు. దిగి నిలబడ్డాం. తర్వాత ఏడాది తిరక్కుండా ఆ కొండల్లోనే ఒక పాత రాతి ఇల్లు, దాని వెనక రాతి కొట్టం, చుట్టూ పచ్చిక భూమి కొనుక్కున్నాం. హరి ఇంట్లోంచే తన ఉద్యోగం చేసుకునేవాడు. వ్యవసాయం నాది.

పక్క పొలం జోన్‌ది. పక్క అంటే కారులో వెళ్లేంత దూరం. డెబ్భై దాటిన మనిషి, భర్త పోయాడు, ఒక్కతే ఆవుల్ని చూసుకుంటుంది. ఆవిడ ముత్తవ్వ స్వీడన్ నుంచి ఎడ్లబండిలో ఆ కొండల్లోకి వచ్చిన మొదటివాళ్లలో ఒకరట. మట్టిపెళ్లలతో ఇల్లు కట్టుకుని, ఎండిన పేడ ఏరుకుని పొయ్యి వెలిగించుకుందట. మేం దిగిన వారంలోనే జోన్ ఆపిల్ పళ్లు కూరి కాల్చిన పై అనే తీపి వంటకం పట్టుకొచ్చింది. నేను పాత చీర పైకి దోపుకుని, కాళ్లకి రబ్బరు బూట్లు వేసుకుని కంచెకి తీగ కడుతున్నాను. కాసేపు చూసి, తన ముత్తవ్వలాగే ఈ కొండల్లోకి మళ్లీ ఒక పయనీర్ వచ్చింది అంది. అప్పట్నుంచి నన్ను ఊళ్లో ఎవరికి పరిచయం చేసినా అదే మాట. నాకు సిగ్గుగా ఉండేది, లోపల సంతోషంగానూ ఉండేది.

మేకల్ని కొన్నాను. విచిటా నుంచి, కాన్సస్ సిటీ నుంచి మనవాళ్లు, నైజీరియా వాళ్లు, మెక్సికో వాళ్లు మేక మాంసం కోసం మా ఇంటిదాకా వచ్చేవారు. మూడేళ్లు గడిచేసరికి మేకలు ఈనేటప్పుడు నేనొక్కదాన్నే చూసుకోగలిగేదాన్ని. అడ్డం తిరిగిన పిల్లని చేయి పెట్టి సరిచేయడం జోన్ దగ్గర నేర్చుకున్నాను. జీవితంలో ఏదైనా పని నాది అనిపించిందంటే అదే.

*

నాలుగో ఏడాది, గడ్డి కోసే రోజుల్లో వానలు వదల్లేదు. కోసిన గడ్డి సరిగ్గా ఎండకముందే చుట్టలు చుట్టి కొట్టంలో పెట్టాల్సి వచ్చింది. మా ఒక్కళ్లకే కాదు, ఆ చుట్టుపక్కల అందరికీ అంతే. నవంబర్‌లో పచ్చిక ఎండిపోయింది. రోజూ పొద్దున్నే కొట్టం తలుపు వేసుకుని, చుట్ట విప్పి, గడ్డి పాయలు పాయలుగా లాగి తొట్లలో వేయడం మొదలుపెట్టాను. విప్పినప్పుడల్లా బూడిదలాంటి తెల్లటి దుమ్ము లేచేది. బూజు వాసన. గడ్డి అన్నాక దుమ్ముంటుంది కదా అనుకున్నాను.

ఒక సాయంత్రం వంట చేస్తుంటే వణుకు మొదలైంది. దుప్పట్లు కప్పుకున్నా ఆగలేదు. ఒళ్లంతా నొప్పులు, జ్వరం, పొడి దగ్గు. ఫ్లూ అనుకున్నాం. మర్నాడు పొద్దుటికి చాలావరకు తగ్గిపోయింది. లేచి మేకల దగ్గరికి వెళ్లాను. సాయంత్రానికి మళ్లీ వణుకు. ఇలా కొన్నాళ్లు సాగింది. పొద్దున బాగుంటాను కాబట్టి పెద్ద జబ్బేం కాదని నేను, సాయంత్రం మూలుగుతాను కాబట్టి ఏదో ఉందని హరి. టౌన్‌లో క్లినిక్‌కి వెళ్తే ఛాతీలో ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. వాడాను. దగ్గు మాత్రం ఇంట్లో మనిషిలా తిష్ట వేసింది.

మొదట కనిపెట్టింది నిత్య. అప్పటికి హైస్కూల్లో చేరింది. కాపెల్‌లో స్నేహితుల్ని వదిలి వచ్చినందుకు ఇంకా నామీద అలిగే ఉంది. అవసరం ఉంటే తప్ప మాట్లాడేది కాదు. ఒకరోజు నేను అమ్మతో ఫోన్ పెట్టేశాక వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నువ్వు సెంటెన్స్ మధ్యలో స్టాప్ అవుతున్నావు. బ్రీత్ కోసం. నీకు తెలుస్తుందా?"

నాకు తెలియదు. గమనించుకోలేదు. తను అన్నాక గమనించాను. రెండు మాటలు, ఊపిరి, రెండు మాటలు, ఊపిరి.

*

క్రిస్మస్ దాటేసరికి మేడ మీద మా గదికి ఎక్కడం కష్టమైంది. మెట్ల మధ్యలో కూర్చునేదాన్ని. బట్టలు వదులయ్యాయి. జనవరిలో టౌన్ ఆసుపత్రిలో చేర్చారు. ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నారు. నేను ఇండియాలో పుట్టానని తెలిసి టీబీ పరీక్షలూ చేశారు. ఆ ఫలితాలు వచ్చేదాకా నన్ను విడిగా ఒక గదిలో ఉంచారు. నర్సులు మాస్కులు వేసుకుని, ఒకదాని తర్వాత ఒకటి రెండు తలుపులు మూసుకుని లోపలికి వచ్చేవారు. నిత్యని రానివ్వలేదు.

వాళ్ల పని వాళ్లు చేశారు, తప్పు పట్టను. కానీ ఆ గదిలో ఉన్నప్పుడు నాకు జబ్బుకంటే సిగ్గు ఎక్కువైంది. అమ్మ ఫోన్‌లో క్షయ అన్న మాట గొంతు తగ్గించి పలికింది, పక్కింటివాళ్లు వింటారేమో అన్నట్టు. ఊళ్లో ఈ మాట పాకితే నా దగ్గర మేకలు ఎవరు కొంటారు, నిత్యతో స్కూల్లో ఎవరు కూర్చుంటారు అని ఒకటే ఆలోచన. టీబీ కాదని తేలింది. ఆ మాట చెప్పడానికి వచ్చిన నర్సు తలుపు దగ్గరే మాస్కు తీసేసి నవ్వింది. వచ్చి మంచం పక్కన కూర్చుని, ఇన్ని రోజుల్లో నా మొహం నువ్వు చూడలేదు కదా అంది. ఆ పిల్ల పేరు మర్చిపోయాను, మొహం మాత్రం మర్చిపోలేదు.

ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో దగ్గు తగ్గింది. మందు పని చేసిందన్నారు. ఇంటికి వచ్చి, కాస్త ఓపిక రాగానే కొట్టంలోకి వెళ్లాను. మళ్లీ మొదలు.

నేను పడుకున్నప్పుడల్లా మేకల పని హరి మీద పడేది. అతనికి పొద్దున్నంతా మీటింగులు. చెవిలో హెడ్‌సెట్‌తో, చేతిలో నీళ్ల బకెట్‌తో తిరిగేవాడు. అతను ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కోపం వస్తే మౌనం. ఆ జనవరిలో మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినపడేది కాదు. నేను పట్టుబట్టి తెచ్చుకున్న బతుకు ఇది. ఇప్పుడు దాన్ని అతను మోస్తున్నాడు. అతను ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బరువైంది.

జోన్ చర్చి ఆడవాళ్లు వంతులు వేసుకుని వండి తెచ్చేవారు. మొదటిసారి వచ్చిన వంటకంలో బీఫ్ ఉంది. మేం అది తినం అని చెప్పడానికి మొహమాటపడి నిత్య దాన్ని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టింది. జోన్ ఎప్పుడు చూసిందో చూసింది. ఆ తర్వాత వచ్చినవన్నీ బీన్స్‌తోనో చికెన్‌తోనో చేసినవే. మూతమీద ఏ ఏ వస్తువులు వేశారో రాసి ఉండేది. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనలేదు.

*

ఫిబ్రవరి మొదట్లో వదిన, అంటే హరి వాళ్లక్క వసుంధర, కాపెల్ నుంచి ఫోన్ చేసి నన్ను పంపించమని తమ్ముడికి గట్టిగా చెప్పింది. హరి నన్ను కారులో దింపి వెళ్లాడు. వదిన ఇంట్లో నాకు కింది గది ఇచ్చింది. పొద్దునా సాయంత్రం మిరియాల చారు, అల్లం టీ, వేడన్నం. పక్కవీధి ఆంటీలు వచ్చి పలకరించేవారు. కొందరు జాలిగా చూసేవారు, ఇంత చదువుకుని ఈ మేకలేంటమ్మా అని ఒకావిడ అడిగేసింది కూడా.

కానీ నేను కోలుకున్నాను. రెండు వారాలకే సాయంత్రం జ్వరాలు ఆగిపోయాయి. మూడో వారంలో వదినతో కలిసి వీధి చివర పార్కుదాకా నడిచాను. వదిన ముఖం వెలిగిపోయింది. తన చారు గొప్పతనం అందరికీ ఫోన్ చేసి చెప్పింది. నేనూ నమ్మాను. ఆ చలి, ఆ గాలి నాకు పడటం లేదని అందరూ అన్నారు. అది కూడా నమ్మాను.

వెనక్కి వెళ్లొద్దని వదిన చాలా చెప్పింది. కానీ మేకలు ఈనే రోజులు దగ్గరపడ్డాయి. హరికి ఆ పని చేతకాదు. ఇప్పుడు ఒళ్లు బాగుంది కదా అని ఫిబ్రవరి చివర్లో ఇల్లు చేరాను. చేరిన మర్నాడే కొట్టంలోకి వెళ్లి, మూడు చూలు మేకలకి కొత్త గడ్డి పరిచాను. కొత్త గడ్డంటే అదే పాత చుట్టల్లోది. చాలాసేపు వాటి దగ్గరే కూర్చున్నాను.

ఆ సాయంత్రం వచ్చింది ఇంతకుముందు వచ్చినట్టు కాదు. ఊపిరి లోపలికి వెళ్తోంది కానీ అందాల్సిన చోటికి అందడం లేదు. నీళ్లలో మునిగినట్టు కాదు, ఖాళీ గాలి పీలుస్తున్నట్టు. నిత్య నా చేయి పట్టుకుని గోళ్లు చూసింది. అవి నీలంగా ఉన్నాయి. తను అరవలేదు. తండ్రిని పిలిచి, "నాన్నా, కార్ తీయి. టౌన్ వద్దు. విచిటా," అంది.

దారిపొడవునా నిత్య వెనక సీట్లో నా వీపు రాస్తూనే ఉంది. అప్పటిదాకా నాతో ముక్తసరిగా మాట్లాడిన పిల్ల. చచ్చిపోతానేమోనని భయం వేసింది. ఎవరితోనూ అనలేదు. అనడానికి ఊపిరి లేదు.

*

విచిటా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక కుదుటపడ్డాను. తర్వాత పరీక్షలు. స్కానింగ్ గదుల బయట ఆ కుర్చీల్లో గడిపిన కాలమే ఎక్కువ. అక్కడ టీవీలో ఎప్పుడూ వంటల ప్రోగ్రామ్ వచ్చేది, ఎవరూ చూసేవారు కాదు. ఒకరోజు పక్కన ఒక ముసలాయన ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, తలమీద ట్రాక్టర్ కంపెనీ టోపీ. ఆయన భార్య నా దగ్గు విని, ఏమీ అడక్కుండా సంచిలోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. నేను చప్పరిస్తుంటే మా ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు. అంత హాయిగా ఆ వారంలో నేను మరెక్కడా కూర్చోలేదు.

హరి క్యాన్సర్ అనుకుంటున్నాడని నాకు తెలుసు. ఫోన్‌లో ఏదో చదువుతూ, నేను చూడగానే తిప్పేసేవాడు. నేనూ అదే అనుకుంటున్నానని అతనికీ తెలుసు. ఇద్దరం నిత్య స్కూలు పరీక్షల గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఊపిరితిత్తుల డాక్టర్ మా వయసు ఆవిడే. స్కానింగ్ బొమ్మలు చూపించే ముందు ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పు, లేచిన దగ్గర్నుంచి అంది. ఇన్ని నెలల్లో నన్నెవరూ అడగని ప్రశ్న. దగ్గు ఎప్పట్నుంచి, కఫం ఏ రంగు, ఏ దేశంలో పుట్టావు అని అడిగారు కానీ నేనేం చేస్తానని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పదగ్గ విషయమని నాకు తోచలేదు. అప్పుడు చెప్పాను: లేవడం, కాఫీ, బూట్లు, కొట్టం, గడ్డి. ఆవిడ చేయి ఎత్తి ఆపింది. గడ్డి ఎలా ఉంటుంది, ఏ వాసన, దుమ్ము ఏ రంగు అని అడిగింది. ఊరు దాటి వెళ్లినప్పుడు ఎలా ఉన్నావంది. కాపెల్ సంగతి చెబుతూ చెబుతూ నా నోట్లోనే మాట ఆగిపోయింది. నాకే అర్థమైపోయింది.

ఇంకా రక్తపరీక్షలు చేసి, ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం దింపి చూశాకే ఖాయం చేశారు కానీ, పేరు ఆవిడ ఆరోజే చెప్పింది. ఫార్మర్స్ లంగ్. రైతు ఊపిరితిత్తి. తడిగా చుట్టిన ఎండుగడ్డిలో పట్టే బూజు గాలిలో కలిసి లోపలికి వెళ్తే, కొందరి ఒంటికి అది పడదట. పీల్చినప్పుడల్లా ఊపిరితిత్తులు వాస్తాయి. అలా వాస్తూ వాస్తూ మచ్చలు కడతాయి. వాపు తగ్గుతుంది, మచ్చలు పోవు.

"తగ్గిపోతుందా డాక్టర్?" అని హరి అడిగాడు.

చాలావరకు తగ్గుతుంది అంది. స్టెరాయిడ్లు ఇస్తాను, కానీ అసలు మందు అది కాదు, ఈవిడ మళ్లీ ఆ కొట్టంలో అడుగు పెట్టకూడదు అంది. మాస్కు వేసుకుని వెళ్తే సరిపోదా అని నేను అడిగాను. ఆవిడ నా మోకాలి మీద చేయి వేసి, నీకు సరిపోదు అంది.

క్యాన్సర్ కాదని హరి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను, అతను అనుకున్న కారణానికి కాదు. ఇంట్లో మూడు మేకలు ఈనబోతున్నాయి.

ఇది చదివేవాళ్లలో ఎండుగడ్డితో, ధాన్యంతో, కోళ్లతో, పావురాలతో పనిచేసేవాళ్లు ఉంటే ఒక్క మాట. పని చేసిన కొన్ని గంటలకి జ్వరంలా వచ్చి, పని మానితే తగ్గుతుంటే, డాక్టర్ అడిగినా అడగకపోయినా మీ పనేమిటో చెప్పండి.

*

నేను ఆసుపత్రిలో ఉండగానే మూడు మేకలూ ఈనాయి. జోన్ దగ్గరుండి చూసుకుంది. ఒక పిల్ల దక్కలేదు, మిగతావి బాగున్నాయి. గడ్డి మార్చమని హరి ఫోన్‌లో అడిగితే, ఎందుకని అడక్కుండా బూజు గడ్డి అంతా తీయించేసి తన దగ్గరున్న పొడి గడ్డి తెచ్చి వేసిందట. అయినా నేను వెళ్లడానికి లేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు జోన్ చూడ్డానికి వచ్చింది. నేను సోఫాలో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఉన్నాను. నా జబ్బు పేరు, అది ఎలా వస్తుందో చెప్పాను. నవంబర్‌లో మొదలవుతుంది, గడ్డి వేసిన సాయంత్రం జ్వరం, ఎండాకాలం వచ్చి జీవాలు బయట మేస్తే తగ్గిపోతుంది అని. వింటూ వింటూ జోన్ టీ కప్పు కింద పెట్టేసింది. కిటికీలోంచి కొట్టం వైపు చూసింది.

"మా అమ్మ చలికాలమంతా దగ్గేది," అంది. "మేలో తగ్గిపోయేది. ప్రతి ఏడాదీ."

వాళ్లమ్మ పేరు ఎల్సీ. నాన్న రైల్వే పనికి వెళ్తే పాలావుల్ని ఆవిడే చూసుకునేది. మా కొట్టం లాంటిదే రాతి కొట్టం, గాలి రాకుండా తలుపులన్నీ మూసి గడ్డి వేసేది. సాయంత్రమయ్యేసరికి వణుకుతూ పడుకునేది. డాక్టర్ ఆస్తమా అన్నాడు. ఇంట్లోవాళ్లు ఆవిడది సున్నితమైన ఒళ్లు అన్నారు. ఆవిడ అమ్మమ్మ ఎడ్లబండిలో వచ్చి మట్టి ఇంట్లో పిల్లల్ని కన్న మనిషి, ఈవిడేమో చలికి తట్టుకోలేదు అని నాన్న వైపు వాళ్లు నవ్వేవారట. ఆవిడా అదే నమ్మింది. తన ఒంటికి ఓపిక లేదని సిగ్గుపడి, ఎవరికీ పని చెప్పకుండా అంతా తనే చేసుకునేది. జోన్ పెళ్లికి ముందు చలికాలం ఆవిడ పోయింది.

ఇన్నాళ్లూ నేను ఆ పయనీర్ ఆడవాళ్లని రాతిబొమ్మల్లా ఊహించుకున్నాను. వాళ్లలో ఎంతమంది ఇలా కొట్టంలో గడ్డి లాగుతూ, సాయంత్రం వణుకుతూ, తప్పు తమ ఒంటిదే అనుకుని గడిపారో ఎవరు చెప్పగలరు. జోన్ వెళ్లేటప్పుడు నా దుప్పటి సరిచేసి, కొట్టం వైపు చూడకుండా కారెక్కింది.

*

ఏప్రిల్‌లో మా కొండల్లో పాత గడ్డిని తగలబెడతారు. కొత్త పచ్చిక రావాలంటే అది తప్పదు. ఆ పొగకి నేను తట్టుకోలేనని డాక్టర్ చెప్పడంతో మళ్లీ కాపెల్ వెళ్లాను. ఈసారి మేకల్ని జోన్‌కి అప్పగించి హరి, నిత్య కూడా వచ్చారు. స్టెరాయిడ్లతో నా మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. ఆకలి ఆగదు, నిద్ర పట్టదు, చిన్న మాటకే ఏడుపు. ఎవరైనా ఈ మందు వాడుతుంటే, ఆ చిరాకు మీది కాదు, మందుది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టండి. నేను చెప్పకపోవడంతో వదిన మీద రెండుసార్లు విరుచుకుపడ్డాను. ఆవిడ పట్టించుకోలేదు. ఇంకో దోసె వేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన అసలు సంగతి ఎత్తింది. "ఇంకెందుకు దుర్గా ఆ ఊరు? అక్కడ నువ్వు చేసే పని నీకే పడదని డాక్టరే చెప్పింది. అమ్మేసి వచ్చేయండి. ఈ వీధిలోనే ఇల్లు ఖాళీ అయితుంది."

హరి తల వంచుకుని ఉన్నాడు. నీకేమనిపిస్తోంది అని అడిగాను. ఆ చలికాలంలో నేను అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, ఎప్పుడూ అడగలేదు.

"నాకు వచ్చేయాలనే ఉంది," అన్నాడు. "అబద్ధం ఎందుకు. ఆ సాయంత్రం కారు నడుపుతుంటే వెనక నీ ఊపిరి వినపడక రెండుసార్లు అద్దంలో చూసిన. మళ్ల అట్ల చూడటం నాతోని కాదు."

పెళ్లయినప్పటినుంచి అతను అంత పొడుగ్గా తన భయం గురించి చెప్పడం నేను వినలేదు. సరే, వచ్చేద్దాం అనబోయాను. నిజంగానే అనబోయాను.

నిత్య మధ్యలోకి వచ్చింది. "ప్రాబ్లమ్ హే కదా? ల్యాండ్ కాదు కదా? గోట్స్ లేకపోతే హే ఎందుకు?" అంది. హే అంటే ఎండుగడ్డి. అందరం దానివైపు చూశాం. ఆ ఊరొద్దని నాలుగేళ్లుగా గోల పెట్టిన పిల్ల. నీకక్కడ ఇష్టం లేదు కదా అని వదిన అడిగింది. "ఇష్టం లేకుండె అత్తా," అంది నిత్య వాళ్ల నాన్న యాసలో. "ఇప్పుడు కొంచెం ఉంది."

ఆరోజే ఏమీ తేలలేదు. వారం రోజులు మాట్లాడుకున్నాం. డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగితే ఆరుబయట కూరగాయల పనికి అభ్యంతరం లేదంది. గడ్డి, కొట్టం, పొగ వద్దంది. ఒక చలికాలం చూద్దాం, నా ఊపిరి పరీక్షల్లో ఏమాత్రం తగ్గినా మారు మాట్లాడకుండా కాపెల్ వచ్చేద్దాం అని ఒప్పుకున్నాం. హరికి పూర్తిగా ఇష్టమయ్యి కాదు. నాకోసం. అది మర్చిపోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

మేకల్ని పక్క కౌంటీలో ఒక కుటుంబం తీసుకుంది. ట్రెయిలర్ వచ్చిన రోజు నేను వరండాలోనే కూర్చున్నాను. దగ్గరికి వెళ్లొద్దని చెప్పారు. హరి ఒక్కొక్కదాన్నీ ఎక్కించాడు. అతని మాట అవి అంతగా వింటాయని నాకు తెలియదు. చివరి మేక ఎక్కకుండా మొండికేస్తే దాని మెడమీద చేయి వేసి తెలుగులో ఏదో చెప్పాడు. ఎక్కింది. ట్రెయిలర్ వెళ్లిపోయాక వచ్చి నా పక్కన మెట్టుమీద కూర్చున్నాడు.

*

మే నెలాఖర్లో ఇక్కడ మెమోరియల్ డే వస్తుంది. పోయినవాళ్ల సమాధుల దగ్గర పూలు పెడతారు. అప్పటికి పగలు ఆక్సిజన్ తీసేశారు. మెల్లగా నడిస్తే ఆయాసం లేదు. జోన్ ఫోన్ చేసి, శ్మశానానికి తోడు వస్తావా అని అడిగింది. సాధారణంగా ఒంటరిగానే వెళ్తుంది, ఎవరినీ పిలవదు. వెళ్లాను.

చిన్న కొండమీద, చుట్టూ ఇనుప కంచె. కాలిన నేలమీద కొత్త గడ్డి మోకాలి ఎత్తు వచ్చి ఉంది. జోన్ నా కోసం దారిలో రెండు చోట్ల ఆగింది, తన కాలు నొప్పని చెప్పి. ముత్తవ్వ రాయి వంగిపోయి, పేరు సగం చెరిగిపోయి ఉంది. ఎల్సీ రాయి దాని పక్క వరసలో. జోన్ పియోనీ పూలు పెట్టింది. ఫోన్‌లో మాట్లాడినంత మామూలుగా మాట్లాడింది.

"అమ్మా, ఇది దుర్గ. మా పక్క పొలం. నీకొచ్చినదే తనకీ వచ్చింది." ఆగింది. "అది నీ ఒంటి లోపం కాదట. గడ్డిలో బూజట. డాక్టర్లకి తెలుసట."

తర్వాత నా వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి కానీ గొంతు స్థిరంగా ఉంది.

"ఆ జబ్బు పేరు ఇంకోసారి చెప్పవా? సరిగ్గా చెప్పాలి తనకి."

చెప్పాను. జోన్ ఒంగి, రాయి మీద చేయి ఆనించి, ఒక్కొక్క మాటా విడివిడిగా వాళ్లమ్మకి చెప్పింది.